‘ఆయ్’ అన్నారని రాసుకున్నాం

మా వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నాకు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అడుగుతారు: "మేడమ్, రిసెర్చ్‌కి ఏ ప్రశ్న తీసుకోమంటారు?" నేను ఒకటే చెబుతాను: "ఆ మాట అడగాల్సింది నన్ను కాదమ్మా." ఈవిడకి రిటైరయ్యాక బద్ధకం పెరిగింది అనుకుని వాళ్ళు ఫోన్ పెట్టేస్తారు. బద్ధకం పెరిగిన మాట నిజమే. కానీ నా జవాబుకి కారణం అది కాదు. అమలాపురంలో ఒక పెళ్ళి హాల్లో జరిగిన సమావేశం, అంబాజీపేట నుంచి దానికి వచ్చిన ఒక కొబ్బరికాయల షావుకారు గారు. ఆ సంగతి ఈసారి పూర్తిగా చెప్పేస్తాను, మళ్ళీ మళ్ళీ ఫోన్లు చేసే పని మీకూ తప్పుతుంది.

నేను స్పీచ్ థెరపిస్టుని. మాది రాజోలు. ఉద్యోగం చాలావరకు అమలాపురం ఆసుపత్రిలోనే గడిచింది. మాట ఆలస్యమైన పిల్లలు, నత్తి ఉన్నవాళ్ళు, పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళు, మింగుడు పడనివాళ్ళు, వీళ్ళందరూ మా గదికే వస్తారు. మొదట్లో గది బయట ‘స్పీచ్ థెరపీ’ అన్న బోర్డు చూసి ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ఒకసారి పంచాయతీ ఎన్నికల్లో నిలబడ్డ ఆయన వచ్చి, "మీరు స్పీచ్ నేర్పుతారంట గదండీ, మీటింగు ఎల్లుండే" అన్నారు. కాదని ఎంత చెప్పినా వినకపోతే, నెమ్మదిగా మాట్లాడమనీ, మధ్యమధ్య ఊపిరి పీల్చుకోమనీ చెప్పి పంపేను. గెలిచేరు. ఆ తరవాత మా గదికి కొంచెం పేరొచ్చింది. జనం నన్ను ‘మాటల మేడమ్ గారు’ అనేవారు.

రిటైర్మెంటు దగ్గర పడుతుండగా ఒక నగరం నుంచి ప్రొఫెసరు గారు ఫోన్ చేశారు. నాకన్నా చిన్నావిడ. చాలా చురుకైన మనిషి, మాట్లాడితే రైలు వెళ్ళిపోయినట్టుండేది. విషయం ఏమిటంటే, మా వైద్యసేవల మీద రాబోయే రోజుల్లో ఏ పరిశోధనలు ముందు జరగాలో తేల్చాలి. వైద్యం ఎలా చెయ్యాలన్నది ఒక్కటే కాదు, అది మనుషులకి ఎలా అందాలి, ఎవరివ్వాలి, ఎన్నాళ్ళివ్వాలి, ఎక్కడ ఇవ్వాలి అన్నవి కూడా.

"ఇన్నాళ్ళూ మాలాంటివాళ్ళం గదుల్లో కూర్చుని తేల్చేశాం మేడమ్. ఈసారి వైద్యం చేయించుకునేవాళ్ళనీ, వాళ్ళ ఇంట్లోవాళ్ళనీ, మీలాంటివాళ్ళనీ ఒకచోట కూర్చోబెట్టి అడుగుదాం" అన్నారావిడ.

నాకు ముచ్చటేసింది. ముందు ఫోన్ల మీద చాలామందిని అడిగి ప్రశ్నలు పోగుచేశారు. వాటిని వడపోశారు. మిగిలినవాటికి వరస నిర్ణయించే ఆఖరి సమావేశం అమలాపురంలో పెట్టారు. మనుషుల్ని తీసుకొచ్చే పని నాదీ, మా జూనియర్‌దీ. జూనియర్ అంటే కొత్తపేట అమ్మాయి, అప్పటికి కాంట్రాక్టు మీద చేరి ఏడాదయింది. బొమ్మలు బాగా వేస్తుంది, మోటారుసైకిలు ఇంకా బాగా నడుపుతుంది. నేను వెనక కూర్చుని కళ్ళు మూసుకునేదాన్ని.

ఇందులో నాకు సొంత స్వార్థమూ ఉంది. పక్షవాతం వచ్చినవాళ్ళ మింగుడు గురించిన ప్రశ్న ఒకటి ఆ వరసలో ఉంది. నా సర్వీసంతా దాని మీదే పోయింది. అదే మొదట రావాలని నా పట్టుదల. పిలవడానికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ, "మీ ఇష్టమండీ, కానీ మింగుడు విషయం మాత్రం మర్చిపోకండేం" అని ఓ మాట వేసి వచ్చేదాన్ని. ఎన్నికల పిచ్చి నాకూ అంటుకుందన్నమాట.

అలా వెళ్ళిన ఇళ్ళలో షావుకారు గారిల్లొకటి. పక్షవాతం రాకముందు ఆయన గొంతు అంబాజీపేటలో అందరికీ తెలుసు. లారీలకి కాయలు ఎక్కిస్తుంటే యార్డు ఈ చివర నుంచి ఆ చివరికి ఆయన కేకే. పై రాష్ట్రాల డ్రైవర్లతో వాళ్ళ భాషల్లో బేరాలాడేవారట. జబ్బు చేశాక కుడిచెయ్యి చచ్చుపడింది, మాటలన్నీ పోయాయి. ఒక్క మాట మిగిలింది: ‘ఆయ్’.

మా వైపు మనుషులకి దాని గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి చెబుతున్నాను. గోదావరి జిల్లాల్లో ‘సరేనండి’ అనాలన్నా, ‘అవునండి’ అనాలన్నా, ‘చిత్తం, వింటున్నానండి’ అనాలన్నా ‘ఆయ్’ అంటే సరిపోతుంది. షావుకారు గారికి చెప్పింది అర్థమవుతుంది. తను చెప్పాలనుకున్నదీ తెలుసు. నోరు తెరిస్తే మాత్రం అదొక్కటే వస్తుంది. ఆకలేసినా ‘ఆయ్’, కోపమొచ్చినా ‘ఆయ్’, వద్దనాలన్నా ‘ఆయ్’. నా దగ్గరికే వచ్చిన ఇంకో పేషెంటుకి ‘కాదు’ అన్న మాట మిగిలింది. ఆయన అదృష్టవంతుడు. ఇంటిల్లిపాదీ హడలిపోయి ప్రతిదీ రెండుసార్లు అడిగేవారు. ‘ఆయ్’ అన్న మనిషిని రెండోసారి ఎవరడుగుతారు?

షావుకారు గారు కొన్నాళ్ళు మా దగ్గరికి వచ్చి మానేశారు. మేమిచ్చిన బొమ్మల పుస్తకం బీరువా మీద ఉందని ఆయన భార్య చెప్పారు. ఆవిడ గలగల మాట్లాడే మనిషి. "మీటింగుకి వస్తారా అండీ?" అని నేను ఆయన్నే చూస్తూ అడిగాను. ఆయన ‘ఆయ్’ అని ఎడంచేతి బొటనవేలు పైకెత్తారు. అది మా గదిలో నేర్చుకున్నది. ‘అవును’ అయితే పైకి, ‘కాదు’ అయితే కిందకి. ఇంకా గుర్తుందని సంతోషమేసింది.

సమావేశం రోజు వచ్చింది. హాల్లో ముందురోజు ఎవరిదో రిసెప్షన్ జరిగింది. స్టేజి మీద ఎర్ర సోఫా, పూల తోరణాలు అలాగే ఉన్నాయి. సభ నడపడానికి ప్రొఫెసరు గారు ఒక కుర్రాయన్ని పిలిపించారు. ఇలాంటి సమావేశాలు నడపడమే ఆయన పని. మా వృత్తి గురించి మాత్రం ఆయనకేమీ తెలియదు. తెలియకపోవడమే మంచిది, ఎవరి వైపూ మొగ్గడు అన్నారు ప్రొఫెసరు గారు. షావుకారు గారి సంగతి ఆయనకి ముందుగా చెప్పాలనుకున్నాం. ఆయన రైలు ఆలస్యమై, వస్తూనే మైకు పట్టుకున్నారు. పైగా మా ప్రభావం పడకూడదని థెరపిస్టులందర్నీ దూరంగా వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. షావుకారు గారి పక్కన ఉండాల్సిన మా జూనియర్‌ని, మింగుడు పడనివాళ్ళకి మెత్తగా చెయ్యమన్న అన్నం ఇంకా పొయ్యి ఎక్కలేదని వంటవాళ్ళు పిలుచుకుపోయారు.

మొదటి ప్రశ్న ఉప్పలగుప్తం నుంచి వచ్చిన ఒక చిన్న వయసు తల్లిది. ఆవిడ కూతురికి మాట ఆలస్యమైంది, భర్త కువైట్‌లో ఉన్నాడు. "పిల్లనెత్తుకుని బస్సులు మారి వచ్చేసరికి అది నిద్రపోతాదండీ. వీడియోలో నేర్పితే అంతే పని చేస్తాదో లేదో ఎవరైనా తేల్చండి" అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

సభ నడిపే ఆయన షావుకారు గారి దగ్గరికొచ్చి, "మీరేమంటారు సార్? ఇది ముందుండాలా?" అన్నారు.

"ఆయ్!"

"గోదావరి వాళ్ళ మర్యాదే వేరు" అని ఆయన మురిసిపోయి, బొటనవేలి వైపు చూడకుండానే రాసుకున్నారు.

తరవాత పి.గన్నవరం మాస్టారు లేచారు. రిటైరైన హెడ్మాస్టరు. గొంతు ఆపరేషనయ్యాక మెడకి ఆనించుకునే చిన్న యంత్రంతో మాట్లాడతారు. గదిలో తుమ్మెద దూరినట్టుంటుంది, కానీ ప్రతి అక్షరం స్పష్టం. "వీడియోలూ గీడియోలూ తరవాత. ముందు మండలానికో మనిషిని పెడితే లాభమేమిటో చూడండి" అన్నారు.

"మీరేమంటారు సార్? వీడియో తరవాతే కదా?"

"ఆయ్!"

సభ నడిపే ఆయన కాగితం చూసుకుని తికమకపడ్డారు. "ఇందాక వీడియో ముందన్నారు. రెండూ ముందేనా?"

"ఆయ్!"

"పోనీ, రెండూ వెనకేనా?"

"ఆయ్!"

హాలంతా గొల్లుమంది. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో నవ్వలేదు. కానీ షావుకారు గారు ఎడంచేత్తో బల్ల మీద ఒక్క చరుపు చరిచారు. గ్లాసు కింద పడింది. చేతికర్ర అందుకుని, "ఆయ్! ఆయ్! ఆయ్!" అని అరుస్తూ బయటికి వెళ్ళిపోయారు. ఆయన భార్య వెనకాలే పరిగెత్తారు. సభ నడిపే ఆయన మైకు పట్టుకుని నిలబడిపోయారు. "ఏమైందండీ? అన్నీ ఒప్పుకున్నారుగా!"

నేను లేచి వెళ్ళి ఆయనకి సంగతి చెప్పాను. పాపం, ఆయన మొహం మాడిపోయింది. ప్రొఫెసరు గారు నన్ను పక్కకి తీసుకెళ్ళారు.

"ఆయన జవాబులు తీసేద్దాం మేడమ్. అభిప్రాయం చెప్పగలిగినవాళ్ళే పాల్గొనాలని మన పద్ధతిలోనే రాసుకున్నాం. మన తప్పేమీ లేదు."

"మాట సేవల గురించి సభ పెట్టి, మాట లేనివాణ్ణి తీసేస్తే ఇంకేం మిగుల్తుందండీ?"

"మరెలా అడుగుతాం చెప్పండి?"

మంచి ప్రశ్నే. అది ఆ రోజు మా దగ్గరున్న ఏ కాగితంలోనూ లేదు.

షావుకారు గారు హాలు వెనక వంటల షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పచ్చడికి తెచ్చిన కొబ్బరికాయలు పక్కన పోసి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఎడంచేత్తో తీసి చెవి దగ్గర ఆడించి, నచ్చనిదాన్ని పక్కకి దొర్లిస్తున్నారు. లోపలికి రమ్మంటే బొటనవేలు కిందకి పెట్టారు. మళ్ళీ అడిగితే మళ్ళీ కిందకే. ఆయన రానంటే సభే ఆయన దగ్గరికి రావాలి, ఇంక దారేముంది?

జూనియర్ అట్టముక్కలు, స్కెచ్ పెన్నులు తెచ్చి, ప్రశ్నకో బొమ్మ వేసింది. ఫోన్లో థెరపిస్టు. ఊళ్ళోకి మోటారుసైకిలు మీద వస్తున్న థెరపిస్టు. అది నాకు తెలిసిన ఒకమ్మాయిలాగే ఉంది. గొంతులో అన్నం ముద్ద. భోజనాల కోసం తెచ్చిన రెండు కాగితం పళ్ళేలు ఆయన ముందు పెట్టి, ఒకదాని మీద పైకెత్తిన బొటనవేలు, ఒకదాని మీద కిందకి దించిన బొటనవేలు గీసింది. ఆయన తీరిగ్గా కార్డులు పంచారు. సరిచూద్దామని పళ్ళేలు అటూ ఇటూ మార్చి ఇంకోసారి ఇచ్చాం. అవే కార్డులు, అవే పళ్ళేల్లోకి. నా అన్నం ముద్దని రెండుసార్లూ ‘వద్దు’లోకి విసిరేశారు. నా మొహం చూసి జూనియర్ పక్కకి తిరిగి నవ్వుకుంది.

అయిపోయిందనుకున్నాం. షావుకారు గారు ఖాళీ అట్టముక్క ఒకటి తీసి తన ముందు పెట్టుకుని వేలితో టకటకా కొట్టారు.

"ఇంకో ప్రశ్న ఉందా అండీ? ఇందులో లేనిది?" అంది జూనియర్.

బొటనవేలు పైకి లేచింది.

ఇక మా ఊహాగానాలు మొదలయ్యాయి. చెయ్యి సంగతా? కాదు. మందులా? కాదు. వ్యాపారమా? చెయ్యి అటూ ఇటూ ఊపారు. "తిరుపతి ఎల్లాలంటున్నారేమోనండీ" అన్నారు భార్య. ఆయన ఆవిడ వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. చివరికి పెన్ను లాక్కుని ఎడంచేత్తో వంకర టింకరగా ఏదో గీశారు. ఒక పెట్టె, దాని మీద వంగిన పొడుగాటి చెయ్యి. ఈలోగా లోపలివాళ్ళు ఒక్కొక్కరే షెడ్డులోకి వచ్చేశారు.

"ఏనుగా?" అన్నారు సభ నడిపే ఆయన.

"కొంగ" అంది మాస్టారి యంత్రం.

షావుకారు గారు తల కొట్టుకుని, దాని ఎదురుగా ఒక కుర్చీ గీశారు. కుర్చీలో ఒక మనిషి.

ఆయన భార్య నోరు అంతవరకూ ఆగింది లేదు. అప్పుడు మాత్రం ఆవిడ గొంతు బాగా తగ్గిపోయింది. "అది పొక్లెయినండి" అన్నారు.

సంగతేమిటంటే, కొన్ని నెలల కిందట ఆయన తమ్ముడు వచ్చి, ఉమ్మడి తోటలో చెట్లు తీసేసి రొయ్యల చెరువు తవ్వుదామా అన్నయ్యా అని అడిగాడట. ఈయన ‘ఆయ్’ అన్నారు, వేలి వైపు ఎవరూ చూడలేదు. "ఒప్పుకున్నారని అందరికీ నేనే చెప్పేనండీ. నా ఎదురుగానే అన్నారు మరి" అన్నారావిడ. తవ్వే యంత్రం వచ్చిన రోజున ఈయన కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్ళి సరిగ్గా దాని ముందు వేసుకుని కూర్చున్నారు. ఎవరు చెప్పినా లేవలేదు. పొద్దు వాలాక డ్రైవరే విసిగిపోయి యంత్రం వెనక్కి తోలుకుపోయాడు. "జబ్బుతో బుర్ర పోయిందనుకున్నాం మేడమ్ గారండీ. అప్పట్నుంచి మా మరిది రావడం మానేసేడు. ఈయన్నింకేమీ అడగడం లేదు ఎవరూ."

మాస్టారు యంత్రాన్ని మెడకి ఆనించారు. "మాట రాని మనిషి నిజంగా దేనికి ఒప్పుకున్నాడో, దేనికి ఒప్పుకోలేదో ఎదుటివాళ్ళు ఎలా తెలుసుకోవాలి? ఇదేనా షావుకారు గారూ మీ ప్రశ్న?"

షావుకారు గారు బొటనవేలు పైకెత్తారు. తరవాత మాస్టారి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ప్రొఫెసరు గారు అక్కడ బోర్లించి ఉన్న గుండిగ మీద కూర్చున్నారు. ఆవిడ కళ్ళు తడిశాయి, కానీ బుర్ర తన పని మానలేదు. "ప్రశ్నలు పోగుచేసే దశ అయిపోయింది మేడమ్. ఇప్పుడు కొత్తది చేరిస్తే, పద్ధతి తప్పారని మొత్తం పనినే పక్కన పెట్టేస్తారు. ఇంతమంది కష్టం" అన్నారు. ఆవిడ మాటలోనూ న్యాయముంది. పద్ధతి లేకపోతే ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ మాటే నెగ్గుతుంది.

"మనం ఫోన్ల మీద కదండీ అడిగేం. ఈయన్ని ఫోన్‌లో ఎవరడుగుతారు?" అంది మా జూనియర్. వినయంగానే అంది. కానీ అన్నాక మళ్ళీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

ప్రొఫెసరు గారు చేతిలో కాగితాలు తిప్పి మొదటి దశ పేజీ తీశారు. "నిజమే. మొదటి దశ ఈయన దాకా రాలేదు. రాలేదని నివేదికలో రాస్తాను. ఎందుకు చేర్చామో కూడా రాస్తాను. ఒప్పుకోకపోతే చూద్దాం" అని లేచారు. భోజనాలయ్యాక అందరినీ ఓటు అడిగారు. ఈసారి చేతులెత్తడాలూ మైకులూ లేవు. అందరికీ కార్డులే, అందరికీ కాగితం పళ్ళేలే. గబగబా మాట్లాడేవాళ్ళందరూ మొట్టమొదటిసారి నోరు మూసుకుని ఆలోచించారు. హాలు ఎంత హాయిగా ఉందో!

షావుకారు గారి ప్రశ్న మొదట వచ్చిందని చెబితే మీకు బాగుంటుంది. రాలేదు. మండలానికో మనిషి అన్న మాస్టారి ప్రశ్న మొదట, ఉప్పలగుప్తం అమ్మాయి వీడియో రెండు, షావుకారు గారిది మూడు. నా మింగుడు వరసలోనే లేకుండా పోయింది. ఇంటింటికీ తిరిగి అంత ప్రచారం చేస్తే వచ్చిన ఫలితం అది. సాయంత్రం దాకా నేను ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. జూనియర్ రెండు పూతరేకులు తెచ్చి చేతిలో పెడితే కొంచెం తేరుకున్నాను.

ప్రొఫెసరు గారి నివేదిక మీద కొర్రీలు వచ్చాయి. ఆవిడ ఓపిగ్గా జవాబులు రాసి నెగ్గించుకున్నారు. ఆ మూడో ప్రశ్న మీద ఇప్పుడు మా జూనియరే పనిచేస్తోంది. జవాబు ఇంకా పూర్తిగా దొరకలేదంటుంది. దొరికిన కాడికి వాడుకుంటున్నారు. మా ఆసుపత్రిలో ఆపరేషన్లకి సంతకం పెట్టించే ముందు, మాట పోయినవాళ్ళ విషయంలో ఆ అమ్మాయిని పిలవడం అలవాటైంది.

సమావేశం తరవాత కొద్దిరోజులకి నేనే కబురు పెట్టి షావుకారు గారినీ, భార్యనీ, తమ్ముణ్ణీ మా గదికి రప్పించాను. తమ్ముడు మొహం ముడుచుకుని గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. నేను నిపుణురాలిని కదా, చకచకా కార్డులు పరిచాను.

"షావుకారు గారూ, చెరువు వద్దు. అంతేనా?"

బొటనవేలు కిందకి.

నేను కంగుతిన్నాను. "అయితే చెరువు కావాలా?"

మళ్ళీ కిందకి.

ఆయన భార్య నావైపు చూశారు. నేను జూనియర్ వైపు చూశాను. యంత్రం ముందు కూర్చున్నారంటే చెరువు వద్దనే అని మేమందరం అనుకున్నాం. షెడ్డులో కళ్ళు తుడుచుకున్నవాళ్ళం కూడా అదే అనుకున్నాం.

తమ్ముడికి ఓపిక నశించింది. కుర్చీ ఈడ్చుకుంటూ బల్ల దగ్గరికొచ్చి, "మరేంటన్నయ్యా? నీ మనసులో ఏవుందో చెప్పు. నేనిక్కడే కూర్చుంటా" అన్నాడు.

షావుకారు గారు తెల్ల కాగితం లాక్కుని తోట గీశారు. ఓ పక్క కాలవ, ఇంకో పక్క రోడ్డు. కాలవ వైపు చెట్లన్నిటి చుట్టూ సున్నా చుట్టి అరచేత్తో కప్పారు. రోడ్డు వైపు పల్లంలో చెరువు గీసి తమ్ముడి ముందుకి తోశారు.

"అంటే... చెరువు ఇటు తవ్వమంటావా? కాలవేపు చెట్లు ఉంచమంటావా?"

బొటనవేలు పైకి.

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చు గదా!" అనేసి నాలిక్కరుచుకున్నాడు తమ్ముడు. తరవాత కాగితం తన వైపు తిప్పుకున్నాడు. "పల్లంలో అంత చిన్న చెరువైతే ఏం గిట్టుబాటవుద్ది? ఇక్కడి దాకా రానీ" అని గీత జరిపాడు. షావుకారు గారు ఆ గీత కొట్టేసి వెనక్కి గీశారు. తమ్ముడు మళ్ళీ ముందుకి. అన్నగారు బల్ల చరిచారు. తమ్ముడు గొంతు పెంచాడు. "ఎప్పుడూ నీ మాటే నెగ్గాలంటావు! చిన్నప్పట్నుంచీ ఇంతే నువ్వు!"

కొత్త కాగితాలు తెచ్చిచ్చి, నేనూ జూనియరూ మెల్లగా బయటికి వచ్చేశాం. ఆయన భార్య మా వెనకే వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. లోపల కేకలు పెద్దవవుతున్నాయి. నేను సర్దిచెబుదామని లేవబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపేశారు.

"కూర్చోండి మేడమ్ గారండీ. వాళ్ళిద్దరూ ఇలా దెబ్బలాడుకుని చానాళ్ళయిందండీ" అన్నారు.